ప్రయోగాత్మక రాక్ ఆల్బంను, దాని విస్తరించిన పునర్విడుదలను అంచనా వేయడం ఎలా: ‘కిడ్ ఎ’ ఉదాహరణగా

ఒక ప్రయోగాత్మక రాక్ ఆల్బంకు విలువ కట్టడం ఒక పని. అదే ఆల్బం కొన్నేళ్ళ తరువాత అదనపు డిస్కులతో, కొత్త అట్టతో మళ్ళీ అంగడికి వచ్చినప్పుడు ఆ పునర్విడుదలకు విలువ కట్టడం మరో పని. సమీక్షలు రాసేవారిలో చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు. పాత ఆల్బం గొప్పది కాబట్టి కొత్త పెట్టె కూడా గొప్పదేనని కొందరు తేల్చేస్తారు. చేర్చిన పాటల్లో పస లేదు కాబట్టి మొత్తం వ్యాపారపు ఎత్తుగడేనని ఇంకొందరు కొట్టిపారేస్తారు. ఈ రెండు పనులనూ విడదీసి, ఏది ముందు చేయాలో, ఏ ప్రశ్నలు వేసుకోవాలో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఉదాహరణగా ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ ప్రాంతానికి చెందిన రేడియోహెడ్ బృందం 2000 అక్టోబరులో విడుదల చేసిన ‘కిడ్ ఎ’ను తీసుకుంటున్నాను. ఈ ఎంపికకు కారణం ఆ ఆల్బం ఖ్యాతి ఒక్కటే కాదు. దీనికి రెండు వేర్వేరు విస్తరించిన పునర్విడుదలలు ఉన్నాయి. 2009లో ఈఎంఐ అనే రికార్డు సంస్థ బృందం ప్రమేయం లేకుండా ఒకటి తెచ్చింది. 2021 నవంబరులో ఎక్స్‌ఎల్ రికార్డింగ్స్ అనే మరో సంస్థ ద్వారా బృందమే ‘కిడ్ ఎ మ్నీజియా’ పేరుతో రెండోది తెచ్చింది. ఒకే సంగీతానికి రెండు రకాల అదనపు సామగ్రి జతపడిన సందర్భం ఇది కాబట్టి, పునర్విడుదల అనేది ఆల్బంకు ఏమి చేయగలదో, ఏమి చేయలేదో పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

ముందుగా కొంత నేపథ్యం

నేపథ్యం తెలియకుండా వినడమే నిజాయితీ అనే వాదన ఒకటి ఉంది. తొలిసారి వినడం వరకు దాన్ని ఒప్పుకుంటాను, విలువ కట్టే దగ్గర ఒప్పుకోను. ప్రయోగం అనే మాటకు అర్థం రావాలంటే ఆ కళాకారులు దేని నుంచి పక్కకు తప్పుకున్నారో తెలియాలి. 1997లో వచ్చిన ‘ఓకే కంప్యూటర్’తో రేడియోహెడ్ గిటార్ల మీద నడిచే రాక్‌లో శిఖరానికి చేరింది. ఆ తరువాతి సుదీర్ఘ పర్యటనతో గాయకుడు థామ్ యార్క్ అలసిపోయి, కొత్తగా ఏదీ రాయలేని స్థితికి వచ్చాడు. అప్పట్లో అతను ఎక్కువగా విన్నది ఏఫెక్స్ ట్విన్, ఆటెకర్ వంటి ఎలక్ట్రానిక్ కళాకారులను. 1999 జనవరి నుంచి 2000 ఏప్రిల్ దాకా పారిస్, కోపెన్‌హేగన్, గ్లాస్టర్‌షైర్, ఆక్స్‌ఫర్డ్‌లలో నిర్మాత నైజెల్ గాడ్రిచ్‌తో కలిసి వారు రికార్డు చేసిన సామగ్రి రెండు ఆల్బంలకు సరిపోయింది. ఒకటి ‘కిడ్ ఎ’, రెండోది 2001 జూన్‌లో వచ్చిన ‘అమ్నీజియాక్’. ‘కిడ్ ఎ’ నుంచి సింగిల్స్, అంటే ఆల్బం నుంచి విడిగా అమ్మే పాటలు, విడుదల చేయలేదు, మామూలు తరహా వీడియోలు తీయలేదు. అయినా బ్రిటన్, అమెరికా రెండు చోట్లా అమ్మకాల పట్టికల్లో అది మొదటి స్థానానికి వెళ్ళింది.

సింగిల్స్ లేవన్న సంగతిని గుర్తుంచుకోండి. పునర్విడుదల దగ్గర అది కీలకం అవుతుంది.

ఈ ఆల్బం మీద వచ్చిన తీర్పుల చరిత్ర కూడా కొంత తెలియాలి. విడుదలైనప్పుడు కొందరు విమర్శకులు దీన్ని అర్థంపర్థం లేని బడాయిగా తీసిపారేశారు. తొమ్మిదేళ్ళు తిరిగేసరికి సంగీత పత్రికలైన పిచ్‌ఫోర్క్, రోలింగ్ స్టోన్ రెండూ తమ దశాబ్దపు ఉత్తమ ఆల్బంల జాబితాల్లో దీనికే మొదటి స్థానం ఇచ్చాయి. అందువల్ల ఈ రోజు వినేవారికి వచ్చే ఇబ్బంది అప్పటి విమర్శకులకు వచ్చినదానికి తలకిందులు. వారు తొందరపడి కాదన్నారు. మనం వినకముందే ఔననడానికి సిద్ధమై కూర్చుంటాం. ఇటువంటి ఆల్బంను చేతిలోకి తీసుకునే ముందు జాబితాలనూ సమీక్షకులిచ్చిన నక్షత్రాలనూ పక్కన పెట్టి, అది ఏ సంవత్సరంలో దేనికి ఎదురు నిలిచిందన్న ఒక్క సమాచారాన్ని మాత్రం వెంట ఉంచుకోవాలి.

పాత ఆల్బంను దాని వరుసలోనే వినడం

పునర్విడుదల చేతికి వచ్చినా మొదట అదనపు డిస్కును ముట్టుకోకండి. స్ట్రీమింగ్‌లో వింటున్నట్లయితే షఫుల్, ఆటోప్లే ఆపేసి, మొదటి పది పాటలను ఏకబిగిన వినండి. తెలుగు శ్రోతకు ఈ సలహా మరింత అవసరం అనుకుంటాను. సినిమా పాటల క్యాసెట్లతో పెరిగిన చెవి ప్రతి పాటనూ విడిగా తీసుకుని పల్లవి బాగుందా, చరణం ఎత్తుకున్న తీరు బాగుందా అని తూకం వేస్తుంది. ఆ పద్ధతి సినిమా పాటకు న్యాయమే చేస్తుంది, ఎందుకంటే అక్కడ పాటలను కలిపి ఉంచేది కథ. ‘కిడ్ ఎ’ వంటి ఆల్బంలో కథ లేదు. పాటలను కలిపి ఉంచేది వరుస ఒక్కటే. నాలుగున్నర నిమిషాలకు పైగా సాగే, ఆల్బం పేరే పెట్టిన ‘కిడ్ ఎ’ పాటను ఒంటరిగా వింటే వింత ధ్వనుల కుప్పలా ఉంటుంది. అదే పాట ‘ఎవ్రీథింగ్ ఇన్ ఇట్స్ రైట్ ప్లేస్’ తరువాత, ‘ద నేషనల్ యాంథెమ్’ ముందు వచ్చినప్పుడు, మనిషి గొంతు క్రమంగా యంత్రంలోకి జారిపోయి మళ్ళీ ఒక్కసారిగా గుంపులోకి విసిరివేయబడినట్లు అనిపిస్తుంది.

మొదటిసారి వినేటప్పుడు కాగితం మీద ఏమీ రాయవద్దు. రెండోసారి పాటకు ఒక్కో వాక్యం చొప్పున, అభిప్రాయం కాకుండా వినిపించినదాన్ని మాత్రమే రాయండి. ‘ఎవ్రీథింగ్’ గురించి “గాఢంగా ఉంది” అని రాస్తే ఆ వాక్యం ఎందుకూ కొరగాదు. “గిటారు లేదు, సింథసైజర్ మీద నాలుగైదు స్వరాలు చుట్టూ తిరుగుతాయి, గాయకుడి గొంతునే ముక్కలు చేసి వెనుక నుంచి మళ్ళీ వినిపించారు” అని రాస్తే తరువాత తీర్పు చెప్పడానికి ఆధారం దొరుకుతుంది.

ఇక్కడ మన సంగీత శిక్షణ అక్కరకు వస్తుంది. ఆ తొలి పాటలో చేత్తో తాళం వేసి చూడండి. నాలుగు లెక్కకు అది చేతికి అందదు. పది మాత్రల ఆవృత్తంగా, అంటే అయిదు అయిదుగా లెక్కిస్తే కుదురుతుంది. తొమ్మిదో పాట ‘మార్నింగ్ బెల్’లో డ్రమ్స్ మొదటి నుంచి అయిదు మాత్రల మీదే నడుస్తాయి, తకతకిట అనుకుంటూ వింటే ఫిల్ సెల్వే వాయింపు ఎంత తేలిగ్గా, ఎక్కడా తడబడకుండా సాగుతుందో తెలుస్తుంది. ఖండగతి మనకు కొత్త కాదు గనుక, పాశ్చాత్య సమీక్షల్లో చాలాసార్లు వింతగా చెప్పే ఈ లెక్క మనకు వింతగా తోచకపోవచ్చు. అయితే లెక్క కుదరడమే గొప్ప అని ఆగిపోకూడదు. ఆ అయిదు మాత్రల నడక పాటకు ఏమి చేస్తోందన్నదే ప్రశ్న. నా చెవికి అది ఊపిరి సరిగా అందని నడక; విడిపోతున్న ఇంటి గురించిన ఆ మాటలకు సరిగ్గా నప్పింది.

పాటల మధ్య అతుకులను కూడా వినాలి. ‘ఆప్టిమిస్టిక్’ చివర వాయిద్యాలు పాటను వదిలేసి వేరే లయలోకి మళ్ళి, అలాగే ‘ఇన్ లింబో’లోకి తీసుకెళతాయి. ‘ఇడియోటెక్’ చల్లారీ చల్లారకముందే ‘మార్నింగ్ బెల్’ మొదలవుతుంది. తొలి వినైల్ ముద్రణను రెండు పది అంగుళాల రికార్డులుగా తెచ్చారు. అంటే వినేవారు పలుమార్లు లేచి రికార్డు తిప్పవలసి వచ్చింది. సీడీ మీద వినేవారికి ఆ విరామాలు లేవు. మీరు ఏ రూపంలో విన్నారో సమీక్షలో ఒక్క మాట రాయడం అందుకే అవసరం. ఆఖరి పాట ముగిశాక సీడీలో కొంత నిశ్శబ్దం, తరువాత పేరు లేని చిన్న ధ్వని ఖండం, మళ్ళీ నిశ్శబ్దం ఉంటాయి. ఆల్బం దాదాపు 50 నిమిషాలని లెక్కించినప్పుడు ఆ నిశ్శబ్దం కూడా అందులో కలిసే ఉంది. పునర్విడుదలలు ఇటువంటి చోట్లనే చడీచప్పుడు లేకుండా కత్తెర వేస్తాయి కాబట్టి, మీ దగ్గరున్న ప్రతిలో అది అలాగే ఉందో లేదో చూసుకోండి.

ప్రయోగం పండిందా అని తేల్చడం

కొత్త యంత్రం వాడటం ప్రయోగం కాదు. ఏ పద్ధతికైనా రెండు ప్రశ్నలు వేయాలి. ఆ పద్ధతి లేకపోతే ఈ పాట ఉండేదా? పద్ధతి గురించి ఏమీ తెలియనివారికి కూడా పాట పని చేస్తుందా? మొదటిదానికి ఉండేదని, రెండోదానికి చేయదని జవాబు వస్తే అది అలంకారం మాత్రమే.

‘ఇడియోటెక్’ను ఈ ప్రశ్నలకు నిలబెట్టి చూద్దాం. బృందంలోని గిటారిస్టు జానీ గ్రీన్‌వుడ్ ఎలక్ట్రానిక్ పరికరాలతో దాదాపు 50 నిమిషాల పాటు తోచినట్లు వాయించి రికార్డు చేసి యార్క్‌కు ఇచ్చాడు. అందులో నిమిషం కూడా లేని ఒక్క భాగాన్ని పట్టుకుని, దాన్ని కోసి, పదేపదే తిప్పి యార్క్ పాట కట్టాడు. ఆ భాగంలో వినిపించే నాలుగు స్వరగుచ్ఛాలు (కార్డ్స్) అమెరికన్ స్వరకర్త పాల్ లాన్స్‌కీ 1973లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఐబీఎం కంప్యూటర్ మీద కూర్చిన రచన నుంచి అనుమతితో తీసుకున్నవి. మొదటి ప్రశ్నకు జవాబు సులువు: ఆ కోత లేకుండా ఈ పాట లేదు. రెండోదానికి జవాబు కోసం ఏ నేపథ్యమూ చెప్పకుండా ఎవరికైనా వినిపించి చూడండి. యంత్రంలా కొట్టుకునే ఆ లయ మీద చలికి వణుకుతున్నట్లున్న గొంతు వినగానే ఏదో ముంచుకొస్తోందన్న భయం ఎవరికైనా అందుతుంది. లాన్స్‌కీ పేరు తెలియడం వల్ల గౌరవం పెరుగుతుందే గానీ, పాట బలం ఆ పేరు మీద ఆధారపడి లేదు.

‘ట్రీఫింగర్స్’ విషయంలో నేను అంత గట్టిగా చెప్పలేను. అది బృందంలోని మరో గిటారిస్టు ఎడ్ ఓబ్రయన్ వాయించిన గిటారును సాగదీసి, పొరలు పొరలుగా పేర్చి చేసిన మూడున్నర నిమిషాలకు పైబడిన ధ్వని. గిటారు అని చెప్పకపోతే గుర్తుపట్టలేం. విడిగా వింటే సాధారణం. ఆల్బంలో అయిదో స్థానంలో అది మొదటి సగానికీ రెండో సగానికీ మధ్య విశ్రాంతి. దాన్ని రచనగా కాక కూర్పులో భాగంగా మెచ్చుకోవడం న్యాయం. సమీక్షలో ఈ తేడా చూపించాలి.

ఇక ‘హౌ టు డిసప్పియర్ కంప్లీట్లీ’. ఈ ఆల్బం మొత్తంలో ఏ పాట మీద ఎక్కువ సేపు ఆగాలంటే నేను దీని మీదే ఆగమంటాను. ఆరు నిమిషాలకు దగ్గరగా సాగే ఈ పాటలో ముందుండేది మామూలు గిటారు, మామూలు గొంతు. వెనుక తీగవాద్యాలను సెయింట్ జాన్స్ ఆర్కెస్ట్రా డార్చెస్టర్ అబ్బే అనే పాత చర్చిలో వాయించింది. వాటి స్వరరచన జానీ గ్రీన్‌వుడ్‌ది. వాటితో పాటు ఓండ్ మార్తెనో అనే ఫ్రెంచి ఎలక్ట్రానిక్ వాద్యం ఉంది. 1928లో లోకానికి పరిచయమైన ఆ వాద్యంలో వేలికి తొడిగిన ఉంగరాన్ని తీగ వెంబడి జరిపితే స్వరం తెగకుండా పైకీ కిందికీ జారుతుంది. జారుడు గమకానికి అలవాటు పడిన చెవి దాన్ని వెంటనే పట్టుకుంటుంది. పాట చివరి భాగంలో తీగవాద్యాలు ఒక్కొక్కటిగా శ్రుతి వదిలి, గొంతు మీదికి మేఘంలా కమ్ముకుని, ఒక క్షణం పూర్తి అపశ్రుతిగా మారి, తిరిగి శ్రుతిలో కుదురుకుంటాయి. పాట మాటల్లో చెబుతున్న మాయమైపోవడం వాయిద్యాల్లో నిజంగా జరుగుతుంది. ప్రయోగం పండింది అనడానికి నాకు తెలిసిన మంచి కొలత ఇదే: పద్ధతి, భావం వేర్వేరుగా తీసి చూపలేనంతగా ఒకటైపోవడం.

లోపాలు కూడా చెప్పాలి. ‘ద నేషనల్ యాంథెమ్’లో ఒకే బేస్ గిటారు వరుస మొదటి నుంచి చివరి దాకా తిరుగుతుంది, దాని మీద ఊదే వాద్యాల బృందం అరాచకంగా చెలరేగుతుంది. ఛార్లెస్ మింగస్ జాజ్ నుంచి వచ్చిన ఆ స్ఫూర్తి అద్భుతమే గానీ, చెలరేగడం మొదలయ్యాక పాటకు ఇంకెక్కడికీ వెళ్ళే దారి ఉండదు. ‘ఆప్టిమిస్టిక్’ చక్కని రాక్ పాటే. పక్కనున్న పాటలు తీసుకున్న సాహసం మాత్రం అందులో లేదు. చివరి పాట ‘మోషన్ పిక్చర్ సౌండ్‌ట్రాక్’ బృందం పేరు పొందక ముందు రాసిన పాత బాణీ. దాన్ని కాళ్ళతో తొక్కే ఆర్గన్ మీద కొత్తగా కట్టారు. పద్య నాటకాల హార్మోనియం విన్నవారికి ఆ గాలి తిత్తి ఆయాసం పరిచితంగానే ఉంటుంది. హార్ప్ తళుకులు కొంచెం తీపి ఎక్కువైనా, అంత చల్లని ఆల్బం చివర అది అవసరమేనని నా అభిప్రాయం.

పునర్విడుదలను ఎవరు తెచ్చారు, ఏ సామగ్రితో తెచ్చారు

పాత ఆల్బం మీద తీర్పు రాసి పక్కన పెట్టాకనే పునర్విడుదలకు రావాలి. అప్పుడు మొదట చదవవలసింది అట్ట వెనుక ఉన్న చిన్న అక్షరాలు: ఏ సంస్థ, ఏ సంవత్సరం, రీమాస్టర్ చేశారా (అంటే పాత రికార్డింగు ధ్వనిని మళ్ళీ సవరించారా), కొత్తగా చేర్చినవి ఎప్పుడు ఎక్కడ రికార్డు చేసినవి.

‘కిడ్ ఎ’ తొలి హక్కుదారు ఈఎంఐ. 2003లో బృందం ఒప్పందం ముగిసింది. ఆ తరువాత ఈఎంఐ 2009 ఆగస్టులో రెండు సీడీల కలెక్టర్స్ ఎడిషన్‌ను, డీవీడీ కూడా జతచేసిన మరో రూపాన్ని తెచ్చింది. అందులో ఆల్బంను రీమాస్టర్ చేయలేదు. రెండో డిస్కులో ఉన్నవి ప్రధానంగా రేడియో, టీవీ ప్రదర్శనల రికార్డింగులు. సింగిల్స్ గుర్తుంచుకోమన్నది ఇందుకే. మామూలుగా పాత ఆల్బంలను విస్తరించడానికి సంస్థలు వాడుకునే ముడిసరుకు సింగిల్స్ వెనుక వైపు వచ్చిన పాటలు, అంటే బి-సైడ్స్. ‘కిడ్ ఎ’కు సింగిల్సే లేవు కాబట్టి బి-సైడ్స్ కూడా లేవు. స్టూడియోలో మిగిలిన టేపుల నుంచి కొత్తగా ఎంచి ఇవ్వడానికి బృందం ఇందులో పాలు పంచుకోలేదు. ఆ పరిస్థితిలో సంస్థకు మిగిలింది ప్రత్యక్ష ప్రదర్శనలే. సోమరితనమని ఎవరైనా తిట్టే ముందు ఈ కారణం తెలుసుకోవాలి. ఆ ప్రదర్శనలకు తమదైన విలువ ఉంది: స్టూడియోలో ముక్కలు కోసి కట్టిన పాటలను అయిదుగురు మనుషులు వేదిక మీద ఎలా తిరిగి వాయించగలిగారో అవి చూపిస్తాయి. అయితే ఆల్బం ఎలా తయారైందో మాత్రం అవి చెప్పవు.

2021 నాటి ‘కిడ్ ఎ మ్నీజియా’ దీనికి పూర్తిగా భిన్నం. బృందం పాత ఆల్బంల హక్కులు 2016లో ఎక్స్‌ఎల్‌కు మారాయి, పాత ఈఎంఐ ఎడిషన్లు ఆగిపోయాయి. కొత్త పెట్టెలో ‘కిడ్ ఎ’, ‘అమ్నీజియాక్’, వాటితో పాటు ‘కిడ్ అమ్నీజియే’ అనే పన్నెండు ట్రాకుల మూడో డిస్కు ఉన్నాయి. బృందమే చేసింది గనుక ఇదే సమగ్రమని అనుకోవడం సహజం. కానీ పాటల పట్టికను పోల్చి చూస్తే కథ వేరు. ‘అమ్నీజియాక్’ నుంచి విడుదలైన ‘పిరమిడ్ సాంగ్’, ‘నైవ్స్ అవుట్’ సింగిల్స్ వెనుక వచ్చిన ‘కైనెటిక్’, ‘వర్రీవర్ట్’, ‘కట్‌టూత్’ వంటి బి-సైడ్స్ ఈ మూడో డిస్కులో లేవు. బృందాన్ని అడగకుండా ఈఎంఐ 2009లో తెచ్చిన ‘అమ్నీజియాక్’ ఎడిషన్‌లో అవన్నీ ఉన్నాయి. 2017లో ‘ఓకే కంప్యూటర్’ పునర్విడుదలకు మూడు విడుదల కాని పాటలతో పాటు ఎనిమిది బి-సైడ్స్‌ను చేర్చిన ఇదే బృందం ఇక్కడ వాటిని వదిలేసింది. కళాకారుల చేతి పని అన్న ముద్రను నాణ్యతకు హామీగానో, సంపూర్ణతకు రుజువుగానో తీసుకోకూడదని దీన్నిబట్టి తేలుతోంది. వారు దస్తావేజు తయారు చేయలేదు, మరో ఆల్బం కూర్చారు. కాబట్టి దాన్ని కూర్పుగానే విచారించాలి.

రెండు ఆల్బంలను ఒకే పెట్టెలో పెట్టడం కూడా ఒక వాదనే. ‘అమ్నీజియాక్’ను చాలాకాలం ‘కిడ్ ఎ’ మిగుళ్ళుగా చూశారు. రెండూ ఒకే కాలపు పనులని, సమాన హోదా ఉన్నవని పెట్టె చెబుతోంది. విడివిడి పాటల బలంలో ‘అమ్నీజియాక్’ ఏ మాత్రం తీసిపోదని, ఒక్కోచోట మిన్న అని ఒప్పుకుంటాను. ‘పిరమిడ్ సాంగ్’కు సాటి వచ్చే పాటలు ‘కిడ్ ఎ’లో ఒకటో రెండో ఉంటాయి. కూర్పు బిగువులో మాత్రం అది వెనుకబడే ఉంది. రెండింటినీ వెంటవెంటనే వింటే ‘కిడ్ ఎ’ ముగింపు ముగింపులా అనిపించదు. పెట్టె ఒకటైనా వినడం వేర్వేరు రోజుల్లో పెట్టుకోండి.

మూడో డిస్కును సాక్ష్యంగా వినడం

అదనపు పాటను “బాగుందా” అని అడిగితే సగం జవాబే వస్తుంది. “ఇది అప్పుడు ఎందుకు బయట ఉండిపోయింది, ఇప్పుడు లోపలికి వచ్చి పాత పాట గురించి ఏమి చెబుతోంది” అని అడగాలి. ఆల్బం అంటే తీసుకున్నవాటితో పాటు వదిలేసినవి కూడా.

‘ఇఫ్ యూ సే ద వర్డ్’, ‘ఫాలో మీ అరౌండ్’ అనే రెండు పాటలను 2021లో ప్రచారానికి ముందు పెట్టారు. రెండోది అభిమానులకు ఎప్పటినుంచో తెలుసు. 1998 నాటి బృందపు డాక్యుమెంటరీలో దాని తునక వినిపిస్తుంది. ఇప్పుడు వచ్చిన రూపంలో యార్క్ గొంతు, గిటారు తప్ప దాదాపు ఏమీ లేదు. మంచి పాట. ‘కిడ్ ఎ’లో ఏ రెండు పాటల మధ్య దీన్ని పెట్టగలరో ప్రయత్నించి చూడండి, పాటల వరుసను మీ ఫోన్‌లో మార్చి నిజంగానే విని చూడండి. ‘ఇన్ లింబో’ తరువాత పెడితే అంతవరకు కట్టిన దూరం ఒక్క క్షణంలో కూలిపోతుంది, ఎందుకంటే ఆ ఆల్బం అంతటా మనకు అందకుండా దాచిన గొంతు ఇక్కడ ఏ తెరా లేకుండా ఎదురుగా వచ్చి కూర్చుంటుంది. ఆ పాటను వదిలేయడం సరైన నిర్ణయమని పునర్విడుదలే రుజువు చేస్తోంది. అదనపు పాట చేయగల అత్యుత్తమ సేవ ఒక్కోసారి ఇదే.

‘పుల్క్/పుల్ (ట్రూ లవ్ వెయిట్స్ వెర్షన్)’ మరో రకం సాక్ష్యం. ‘ట్రూ లవ్ వెయిట్స్’ను బృందం 1995 నుంచి వేదికల మీద పాడుతోంది, 2001 ప్రత్యక్ష ప్రదర్శనల ఆల్బంలో గిటారుతో వచ్చింది, స్టూడియో రూపం 2016లో గానీ కుదరలేదు. మధ్యలో ఒకసారి దాన్ని కొట్టుకునే యంత్ర లయ మీద ప్రయత్నించారని, ఆ లయే ‘అమ్నీజియాక్’లో వేరే పాటగా మిగిలిందని ఈ ట్రాక్ వినిపిస్తుంది. ఇరవై ఏళ్ళకు పైగా ఒక పాట తన రూపం కోసం వెతుక్కున్న దారిలో ఇది ఒక మజిలీ. వినడానికి అంత హాయిగా ఉండదు. అయినా ఈ డిస్కులో నేను వదులుకోలేని వాటిలో ఇదొకటి.

వదులుకోలేనిది ఇంకొకటి ‘హౌ టు డిసప్పియర్ ఇంటూ స్ట్రింగ్స్’. పైన చెప్పిన పాట నుంచి తీగవాద్యాలను వేరు చేసి ఇచ్చారు. దీన్ని ముందు విని, వెంటనే అసలు పాటకు వెళ్ళండి. మొదట గొంతు కింద పొగలా ఉండిన అపశ్రుతి ఎంత కచ్చితంగా, ఏ వాద్యం ఎప్పుడు జారాలో లెక్క ప్రకారం రాసినదో తెలుస్తుంది. ‘పిరమిడ్ స్ట్రింగ్స్’తోనూ ఇదే అభ్యాసం చేయవచ్చు. ‘లైక్ స్పిన్నింగ్ ప్లేట్స్’ కొత్త రూపం పియానో మీద నడుస్తుంది. వెనక్కి తిప్పిన టేపుతో కట్టిన అసలు పాట లోపల ఎంత సంప్రదాయమైన బాణీ దాగి ఉందో బయటపెడుతుంది.

పేరు లేని మూడు ఖండాలు అతుకుల కోసం పెట్టినవి. వాటి గురించి పేరాలు నింపవద్దు.

ధ్వని నాణ్యతను పోల్చడం

కొత్త ముద్రణ బాగా వినిపిస్తోందని చెప్పే ముందు రెండు ప్రతులనూ ఒకే స్థాయిలో విన్నారో లేదో చూసుకోండి. కొంచెం గట్టిగా మోగే ప్రతి మెరుగైనదిగా తోచడం చెవి స్వభావం. ఈక్వలైజర్ ఆపండి, అవే హెడ్‌ఫోన్స్ వాడండి, వాల్యూమ్‌ను చెవికి సమంగా అనిపించేదాకా సర్దండి. తరువాత ఆల్బం అంతా పోల్చనవసరం లేదు. రెండు చోట్లు చాలు. ‘నేషనల్ యాంథెమ్’లో ఊదే వాద్యాలన్నీ మోగుతున్నప్పుడు వాటి కింద బేస్ విడిగా వినిపిస్తోందా? ‘హౌ టు డిసప్పియర్’ ఆఖరి నిమిషంలో తీగవాద్యాలు పెరుగుతున్నకొద్దీ గొంతుకు చోటు మిగులుతోందా, లేక అంతా ఒకే గోడలా అణిగిపోతోందా? ఫోన్ స్పీకర్ మీద ‘ఇడియోటెక్’ విని తీర్పు చెప్పవద్దు. ఆ పాటలో సగం లోతైన బేస్ ధ్వనుల్లోనే ఉంది.

తీర్పు రాయడం

రెండు తీర్పులను రెండుగానే రాయండి. అంకెలు ఇచ్చే అలవాటుంటే రెండు అంకెలు ఇవ్వండి. నా లెక్కలో ‘కిడ్ ఎ’ పదికి తొమ్మిది పైమాటే. ‘కిడ్ అమ్నీజియే’ డిస్కు విడి ఆల్బంగా ఆరు, పాత ఆల్బంలకు వ్యాఖ్యానంగా ఎనిమిది. ఒకే డిస్కుకు రెండు అంకెలేమిటని ఎవరైనా అడగవచ్చు. అది చేసే పనులు రెండు కాబట్టి అంకెలూ రెండు.

ఆ తరువాత ఎవరికి ఏది అని విడమరచండి. ఈ ఆల్బంను ఎన్నడూ విననివారు పెట్టె కొనవలసిన పని లేదు. పది పాటల ‘కిడ్ ఎ’ ఒక్కటి స్ట్రీమింగ్‌లో విని, అది లోపలికి దిగాక ముందుకు వెళ్ళాలి. రెండు ఆల్బంలూ బాగా ఎరిగినవారికి మూడో డిస్కు అవసరమే గానీ, దిగుమతి వినైల్ ధర పెట్టి మూడింటినీ మళ్ళీ కొనడమా, ఆ డిస్కు ట్రాకులను స్ట్రీమింగ్‌లో వినడమా అన్నది వారి అల్మారాను, జేబును బట్టి ఉంటుంది. బి-సైడ్స్ మీద ఆసక్తి ఉన్నవారికి కావలసింది 2009 నాటి ‘అమ్నీజియాక్’ రెండు సీడీల ఎడిషన్. అది కొత్తగా దొరకదు కాబట్టి వాడిన సీడీల అమ్మకందారుల దగ్గర వెతకాలి. ‘కిడ్ ఎ’కు కూడా అదే సంవత్సరంలో, అదే వరుసలో ఎడిషన్ వచ్చింది గనుక, డబ్బు చెల్లించే ముందు రెండో డిస్కు పాటల పట్టికలో ‘కైనెటిక్’, ‘కట్‌టూత్’ ఉన్నాయో లేదో ఫొటో తెప్పించుకుని చూసుకోండి.